అమావాస్యకు పీకిన తామర

ఆ వేసవిలో మా మేనమామ ఒక్కచోట స్థిమితంగా కూర్చోవడం నేను చూడలేదు. అన్నం ముందు కూర్చున్నా నాలుగు ముద్దలు తిని లేచేవాడు. చెయ్యి కడుక్కునే నెపంతో పెరటి గోడ దగ్గరికి వెళ్లి ఏటివైపు చూసేవాడు. ఎండ తగ్గకముందే తువ్వాలు నెత్తిన వేసుకుని బయలుదేరేవాడు. కాసేపటికి తిరిగొచ్చి, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ వెళ్లేవాడు.

నేను మద్రాసులో ఒక తెలుగు దినపత్రికలో పనిచేసేవాణ్ణి. చలిజ్వరం వచ్చి తగ్గాక, కొన్నాళ్లు ఊరు మారితే మంచిదని వైద్యుడు చెబితే సెలవు పెట్టి వేలూరు దగ్గర మామ ఉండే గుడియాత్తం వచ్చాను. విశ్రాంతి కోసం వచ్చినవాణ్ణే గానీ, మర్నాటి నుంచే మామ వెనకాల ఏటికీ ఇంటికీ తిరగడం మొదలుపెట్టాను. ఆయన్ని చూస్తూ ఊరికే కూర్చోవడం జ్వరంకంటే కష్టంగా ఉండేది.

మామది అద్దకం పని. ఆ వీధంతా మగ్గాలు పెట్టుకున్న తెలుగువాళ్లది. వాళ్లిచ్చే నూలు చిలపలకు, అంటే నూలు చుట్టలకు, ఎరుపు, నీలం వేసి తిరిగి ఇవ్వాలి. రంగు వెయ్యడంతో పని సగమే అయినట్టు. కాగులోంచి తీసిన నూలును పారే నీళ్లలో జాడించి, వదిలే రంగంతా వదిలాక ఆరేస్తేనే అది మగ్గానికి పనికొస్తుంది. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన రంగు మళ్లీ నూలుకే పట్టి మచ్చలు కడుతుంది. నేసిన లుంగీలో ఆ మచ్చ దాగదు.

కౌండిన్య నది వానలు పడి ఏరొచ్చినప్పుడే ఏరు. మిగతా రోజుల్లో అంతా ఇసకే. ఆ ఇసకలో తవ్విన ఊటకాలువ ఒకటి ఏడాది పొడుగునా సన్నగా పారుతుండేది. మా వీధి చివర అది ఒక మడుగులోకి దిగి, అవతలి పక్క గండిలోంచి మళ్లీ కిందికి సాగేది. ఆ మడుగే మామ రేవు. నీళ్లు ఆగకుండా పారుతున్నాయనే మా తాత తన కాగులు దాని ఒడ్డున పెట్టుకున్నాడు.

నేను వెళ్లేసరికి ఆ మడుగులో నీళ్లు కనబడలేదు. ఒడ్డునుంచి ఒడ్డుదాకా పచ్చటి ఆకులు, ఉబ్బిన కాడలు, పైన ఊదారంగు పూలు. దూరంనుంచి చూస్తే ఎవరో శ్రద్ధగా పెంచిన తోటలా ఉంది. గుర్రపుడెక్క అంటే ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పట్లో మా వైపు దానికి పేరే కుదరలేదు. తమిళులు అన్నట్టు మావాళ్లూ ఆకాశతామర అనేవాళ్లు. వేళ్లు నేలకు తగలకుండా తేలుతుంది కాబట్టి ఆ పేరు. బెంగాలులో అది పడవలను కదలనివ్వడం లేదన్న వార్త మా పత్రికకు వస్తే, దాన్ని రెండు వాక్యాలకు కుదించి లోపలి పేజీలో వేశాను. ఆ వార్తకు అంతకంటే చోటు అక్కర్లేదనే అనుకున్నాను.

మామ అవస్థ ఏమిటో అత్త చెప్పింది. గండి మూసుకుపోయి నీళ్లు నిలిచిపోయాయి. ఆ నీళ్లలో జాడించిన ఎర్రనూలు మచ్చలతో తేలింది. మా వీధి పెద్ద, అందరికంటే ఎక్కువ మగ్గాలున్న నేతగాడు, ఇక నూలును బండిమీద పాలారు ఒడ్డున ఉన్న మరో అద్దకంవాడి దగ్గరికి పంపుతానని అన్నాడు. ఆయన పంపితే వీధంతా పంపుతుంది. అప్పుడు మామకు కాగులు బోర్లించడం తప్ప దారి లేదు. కోలారు గనుల్లో పనిచేసే అత్త తమ్ముడు రమ్మని కబురు మీద కబురు పెడుతున్నాడు. మామ నోట ఆ మాట రాలేదు గానీ, కోలారుకు పోయే బండి ఎన్నింటికి అని నన్ను రెండుసార్లు అడిగాడు.

“భూమి లోపలికి దిగే పని మీ మామకు ఒద్దు నాయనా. ఇంట్లో తలుపేస్తేనే ఊపిరాడదంటాడు,” అంది అత్త.

తామరను ఎందుకు పీకరని అడిగాను. పీకుతూనే ఉన్నారట, ప్రతి అమావాస్యకూ.

ఇక్కడ నేతవాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. అమావాస్యనాడు మా వీధిలో మగ్గం ఆడదు. కాలువలో పూడిక తియ్యడం, గట్టు కట్టడం లాంటి ఉమ్మడి పనులన్నీ ఆ రోజే, ఇంటికొకరు చొప్పున. మిగతా రోజుల్లో నేతగాడు అలాంటి పనికి చెయ్యి పెట్టడు. అది బద్ధకం కాదు, గొప్పా కాదు. సన్న నూలు పడుగుమీద ఆడే వేళ్లు నున్నగా ఉండాలి. నీళ్లలో నాని, జమ్ము ఆకు కోసుకుని చర్మం లేచిన వేలు పోగును పట్టి లాగుతుంది. తెగిన పోగును అతకడానికే పొద్దంతా సరిపోతుంది. అందుకే అమావాస్య పనికి వెళ్లేముందు చేతులకు ఆముదం పట్టించి, పాతగుడ్డ పీలికలు చుట్టుకునేవాళ్లు. తిరిగొచ్చాక తవుడుతో రుద్దుకుని, మర్నాడు వేళ్లను బుగ్గకు రాసి చూసుకుని, అప్పుడు మగ్గం ఎక్కేవాళ్లు. ఆడవాళ్లూ అంతే. కండెలు చుట్టేదీ, పడుగు సరిచేసేదీ వాళ్లే కదా.

నేనున్నప్పుడు వచ్చిన మొదటి అమావాస్యకు వీధంతా మడుగు దగ్గర చేరింది. పీలికలు చుట్టుకున్న చేతులతో అందరూ పెద్ద దెబ్బలు తగిలించుకున్నవాళ్లలా ఉన్నారు. మామ ఒక్కడే ఒట్టి చేతులతో దిగాడు. మోచేతులదాకా ఎరుపూ నీలమూ కలిసి ఎండిన చేతులు అవి. వీధి పెద్ద మోకాటిలోతుకు దిగి ఒక కాడ పట్టుకుని, జారిపోతే మళ్లీ పట్టుకున్నాడు. గట్టుమీదున్న ఒక ముసలవ్వ ఊరుకోలేదు. చూపు తగ్గినా నూలు పట్టి చూసి రంగు నాణ్యం చెప్పగలదని ఆవిడకు పేరు.

“పెళ్లికూతురి చెయ్యి మాదిరి పట్టుకుంటావుండావేందప్పా? అది నిన్ను కొరకదులే.”

“నన్ను కొరికితే నాకాడ నేసే నీ మనవడి మగ్గమే ఆగేది అవ్వా,” అన్నాడు పెద్ద. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు.

పీకడం త్వరగా కావాలని కొందరు కొడవళ్లు తెచ్చారు. ఆకులూ కాడలూ ఎడాపెడా నరికి ఒడ్డుకు తోశారు. తోసినదాన్ని ఒడ్డు అంచునే కుప్పలు వేశారు. మధ్యాహ్నానికి మడుగులో నీళ్లు మెరిశాయి. గండిలోంచి కాస్త నీరు కిందికి పారింది. అందరూ ఆ నీళ్లలోనే స్నానాలు చేసి ఇళ్లకు పోయారు. సాయంత్రం మామ ఒక చిలపను తెచ్చి జాడించాడు. నీళ్లు మెల్లగా కదిలాయి. నూలు పర్వాలేదనిపించింది. ఆ సాయంత్రం మొదటిసారి ఆయన గడపమీద కూర్చుని నన్ను మద్రాసు కబుర్లు అడిగాడు.

వారం తిరగకముందే మళ్లీ లేచాడు.

పత్రికలో చేరిన కొత్తలో మాకు నేర్పింది ఒక్కటే. ఒకే చోటికి వరసగా వెళ్లి నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూడమనేవాళ్లు. చేసే పని లేక నేను అదే చేశాను. నరికిన ముక్కలు చచ్చిపోలేదు. దుంప అంటుకుని ఉన్న ప్రతి ముక్కా నీళ్లలో తేలుతూ లేతాకు వేసింది. ఒడ్డు అంచున వేసిన కుప్పలు కిందనుంచి తడి పీల్చుకుని పచ్చగానే ఉన్నాయి. నీళ్లు తాగడానికి వచ్చిన ఎనుములు తొక్కినప్పుడు వాటిలో కొన్ని జారి మళ్లీ నీళ్లలో పడ్డాయి. ఒక్కో మొక్క పక్కకు తీగ చాపి పిల్లను పెట్టింది. ఆ పిల్ల మరో పిల్లను పెట్టింది. తర్వాతి అమావాస్య వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. అదేమో ఏ రోజూ సెలవు తీసుకోదు.

ఇది మామకూ అర్థమైంది. గట్టుమీద నా పక్కన నిలబడి చాలాసేపు చూశాడు.

“నరికి నరికి నారు పోసినామప్పా,” అన్నాడు.

ఆ మాటలో ఒక్క తామర సంగతే ఉన్నట్టు నాకు తోచలేదు. ఇంటికొచ్చాక అత్తను కదిపితే, ఆవిడ దాచలేదు. రెండేళ్ల కిందట మామ రంగుపొడి కోసం వేలూరు వెళ్లాడు. అక్కడ ఒక బంగళా తోట నీటితొట్టిలో ఈ పూలు చూశాడు. అలాంటి ఊదారంగు ఆయన కాగులో ఎప్పుడూ కుదరలేదు. తోటమాలిని బతిమాలి ఒక మొక్క తెచ్చాడు. పూలు ఉడకబెట్టి, నూలు ముంచి చూశాడు. తడిగా ఉన్నంతసేపు లేత ఊదా కనబడింది, ఆరేసరికి తెల్లనూలే మిగిలింది. ప్రాణమున్న మొక్కను పారెయ్యబుద్ధి కాక తెచ్చి మడుగులో వేశాడు. వీధిలో ఆడవాళ్లు ఆ పూలు కోసి దేవుడి పటాలకు పెట్టుకున్నారు. మొక్క ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. ఏరే తెచ్చిందనుకున్నారు.

“అప్పుడే చెప్పుంటే నవ్వి పోయుండేవాళ్లు,” అంది అత్త. “ఇప్పుడెట్ల చెప్పేది? మగ్గాలు ఆగిపోయినాయే.”

ఆ తర్వాత మామ పక్కన నిలబడటం నాకు ఇంకా కష్టమైంది. మాట్లాడితే ఆ విషయం వస్తుందేమోనని ఇద్దరం మాట్లాడటం తగ్గించాం. కానీ కలిసే తిరిగేవాళ్లం.

ఆ మధ్యలో కాలువలు చూసే ఓవర్సీరు ఒకాయన సైకిలుమీద వచ్చాడు. మంచివాడే. మడుగు చుట్టూ తిరిగి చూసి, ఇలాంటివాటిని చంపే మందు ఉందనీ, పైకి రాసి తెప్పిస్తాననీ అన్నాడు. ఆ మడుగు ఎగువ ఒడ్డున ఇసకలో చెలమలు తీసి వీధంతా తాగేనీళ్లు తోడుకుంటుంది. మామ రంగు గండిలోంచి కిందికి పోతుంది గానీ, మడుగంతా చల్లే మందు ఆ ఇసకలోకీ ఇంకుతుంది. ఆ సంగతి చెబితే, అయితే మందు వద్దని ఆయనే అన్నాడు. “మందు వేండాం సార్, మా నోట్లోకే వచ్చేది అది,” అని బిందెతో ఉన్న ఒకామె ఆయన మాటను ఖాయం చేసింది. వేరే ఉపాయం ఆయనకూ తోచలేదు.

వీధిలో ఎక్కువమంది మాట మాత్రం ఒకటే: ఏరు రానీ, అదే కొట్టుకుపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా మామ ముఖం మాడిపోయేది. పడమటి కొండలమీద మబ్బు కనబడితే నిలబడి చూసేవాడు. ఏరొస్తే ఆయన రేవు బాగుపడుతుంది, నిజమే. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. కానీ కౌండిన్య పోయి కలిసేది పాలారులో. అక్కడినుంచి వేలూరు, తిరువలం, అవీ దాటితే కావేరిపాక్కం చెరువు. ఆ చెరువు నిండా ఊదాపూలు పూసినట్టు తనకు కల వచ్చిందని ఒకరోజు నాతో అన్నాడు.

తర్వాతి అమావాస్యకు పొద్దున్నే అందరూ చేరారు. ఆముదం గిన్నె చేతులు మారుతోంది. వీధి పెద్ద పని మొదలుపెట్టకుండా, ఇదే ఆఖరిసారి అని చెప్పాడు. రేవు ఇలాగే ఉంటే నూలు పాలారు గట్టుకు పోతుంది, తనను తప్పుపట్టొద్దు అన్నాడు. గొంతులో కోపం లేదు. మగ్గాలు నడవాలి, అంతే.

మామ నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. కొడవళ్లు వాడొద్దన్నాడు. నరికిన ప్రతి ముక్కా మొలుస్తోందని ఒకటి తీసి చూపించాడు. వేరుతో సహా పైకి తియ్యాలి, తడి తగలని ఎత్తు ఇసకలో పరిచి ఎండబెట్టాలి, ఈ రోజుతో ఆపకుండా రోజూ కొంచెం కొంచెం తియ్యాలి అన్నాడు.

“రోజూ నీళ్లలో చెయ్యి పెట్టేదెవురు?” అన్నాడు పెద్ద. “మా చేతులు చెడితే నువ్వు నేస్తావా?”

“నేను పెడతా. నా చేతులు ఎప్పుడో చెడినాయి.”

“నువ్వొక్కడివేనా? ఇంత మడుగు?”

“ఒక్కణ్ణే తెస్తిని గదా,” అన్నాడు మామ.

ఎవరికీ అర్థం కాలేదు. మామ మళ్లీ చెప్పాడు, ఈసారి మొత్తం. వేలూరు, బంగళా తొట్టి, తోటమాలి, ఆరిపోయిన ఊదారంగు. చెబుతున్నంతసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తామర ఆకులను తడుముతూనే ఉన్నాడు. అత్త గట్టుమీద బిందె పట్టుకుని తల దించుకుంది. వీధి పెద్ద తన చేతికి చుట్టుకున్న పీలికను విప్పి మళ్లీ చుట్టాడు. వెనక ఎవరో, రెండేళ్లనుంచి మా చేత పీకించింది ఈయన తోటా అని గొణిగారు. మామకు కావలసిన తిట్టు ఏదో ఇంకా పడలేదన్నట్టు ఆయన ఎదురుచూస్తున్నాడు.

ముసలవ్వే ముందు నోరు తెరిచింది. ఆ పూలు తన ఇంట్లో పటాలకు రోజూ పెట్టిందట. కొంటే దొరకని పూలు గదా అని పొరుగూరిలో ఉన్న కూతురికి కూడా ఒక మొక్క పంపిందట.

“అది యాడ మొలిచిందో పోయి చూడాల ముందు,” అంది. “వాణ్ణి తర్వాత తిడుదురుగానీ, సీక్రం దిగండి. ఎండొస్తావుండాది.”

తిట్టు ఆ రోజంతా వాయిదాల్లో పడింది. పని చేస్తూ ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. కొన్ని హాస్యం, కొన్ని కావు. వేలూరికి మళ్లీ పోతే ఏనుగును తెస్తాడని ఒకడు అన్నాడు. తన పడుగు పాడైన సంగతి మరొకతను కళ్లలో నీళ్లు పెట్టుకుని చెప్పాడు. అన్నిటికీ మామ అవునన్నట్టు తల ఊపుతూ చేతిపని ఆపలేదు. కొడవళ్లు గట్టుమీదే ఉన్నాయి. ముక్కలు చెయ్యకుండా వేళ్లతో సహా ఎత్తడం నిదానమైన పని. పొద్దు వాలేసరికి సగం మడుగే ఖాళీ అయింది. వీధి పెద్ద పోతూ పోతూ, తమిళుల లెక్కన ఆడి నెల దాకా నూలు పాలారుకు పంపకుండా ఆగుతానన్నాడు. ఆ నెల రావడానికి ఎన్నాళ్లో లేదు.

మర్నాటి నుంచి మామకు కాలు నిలవకపోవడానికి పని దొరికింది. తెల్లవారుతూనే మడుగులో ఉండేవాడు. కాగు కింద మంట పెట్టి, నూలు ఉడికేలోపు మళ్లీ దిగేవాడు. గండి దగ్గర దుబ్బులుగా పెరిగిన జమ్మును నీటి మట్టానికి కింద కోస్తే కాడలోకి నీరు చేరి దుబ్బు కుళ్లిపోతుందని పొలాలవాళ్లు చెబితే అలాగే కోశాడు. మొక్కలు కిందికి కొట్టుకుపోకుండా గండి ముందు అరటిబోదెలు కట్టి అడ్డంగా వేశాం. దానికి నేనూ చెయ్యి వేశాను, రాసే చేతికి నునుపు అక్కర్లేదు కాబట్టి. చెలమకు వచ్చే ఆడవాళ్లు కొందరు బిందె నింపేముందు ఒక్కో మొక్క తీసి ఎత్తు ఇసకలో పడేసేవాళ్లు. వేళ్లు నానేంత పని కాదది. కొందరు అదీ చెయ్యలేదు. నీ పని నువ్వు చేసుకో అన్నట్టు మామను చూసి పోయేవాళ్లు.

ఎండిన తామరను అత్త కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి వడకట్టి, నూలు ఉడకబెట్టే నీళ్లలో పోసి చూసింది. మామూలుగా వాడే బూడిదకున్నంత ఘాటు లేదు. రెండింతలు వేస్తే పని జరిగింది. మిగిలిన చెత్తను ఒక రైతు పేడలో కలిపి పొలానికి తోలుకుపోయాడు. ఎండకముందే తోలకుండా మామ బండి దగ్గర నిలబడి చూసుకున్నాడు. ముసలవ్వ కూతురి ఊరికి నడిచిపోయి, అక్కడి కుంటలో ఉన్నవన్నీ పీకి వచ్చాడు. ఆరోజు కాలికి గాజుపెంకు గుచ్చుకుంది. కట్టు కట్టుకుని మర్నాడు మళ్లీ నీళ్లలో నిలబడ్డాడు.

నా సెలవు అయిపోయింది. ఇంకా నీరసంగా ఉందని పత్రికకు రాసి మరికొన్నాళ్లు పొడిగించుకున్నాను. నిజానికి నేను బాగానే ఉన్నాను. ఇది ఎటు తేలుతుందో చూడకుండా రైలెక్కడం నావల్ల కాలేదు.

ఆడి నెల పుట్టాక వీధి పెద్ద ఒక నూలు మూట పంపాడు. ఎరుపు అద్దమన్నాడు. మామ కాగులోంచి తీసిన చిలపలను భుజాన వేసుకుని రేవులోకి దిగేసరికి పెద్ద వచ్చి గట్టుమీద నిలబడ్డాడు. అవ్వ కూడా వచ్చింది. జాడించగానే నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు గండివైపు సాగింది, గండిలోంచి పడింది, ఇసక కాలువలో దూరందాకా పోయి కనబడకుండా పోయింది. మామ మళ్లీ జాడించాడు. ఎరుపు పలచబడింది. చివరికి నూలు కింద ఇసక స్పష్టంగా కనబడింది.

తీగమీద ఆరిన చిలపను అవ్వ రెండు చేతులా పట్టి, కళ్లకు దగ్గరగా తెచ్చి, ఒక్కో పోగూ విడదీసి చూసింది. పెద్ద చేతికిచ్చింది. ఆయన బొటనవేలితో ఒకచోట రుద్దాడు. తర్వాత తన బుగ్గకు ఆనించుకున్నాడు.

“రేపు ఇంకో మూట పంపిస్తా. నీలం,” అన్నాడు. “బండివాడికి వద్దని చెప్పినాను.”

అత్త ఆ సాయంత్రమే కోలారు పోయే ఒక మనిషి చేత, మేం రావడం లేదని తమ్ముడికి కబురు పెట్టింది. రేవు గట్టుమీదున్న మామ ఆ మాట విన్నట్టు లేదు. నూలు జాడించినప్పుడు కదిలిన నీళ్లకు ఒడ్డు కిందనుంచి అరచేతి వెడల్పు మొక్క ఒకటి బయటికి తేలివచ్చింది. ఆయన అప్పటికే దానివైపు నడుస్తున్నాడు, నెత్తిన తువ్వాలు తియ్యకుండానే.